లండన్ ఫ్లాట్ల మధ్య ఎర్ర ఇటుకల చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం), లోపలంతా బంగారం. దీని కథ ఎవరికైనా తెలుసా?

విశ్రాంత ఉద్యోగి:
అందరికీ నమస్కారం. అబ్బాయి దగ్గరికి లండన్ వచ్చి నెల కావస్తోంది. మొన్న ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మా ఆవిడ, కోడలు బట్టల షాపులోకి వెళ్లారు, గంట దాటినా బయటికి రాలేదు. సరే నేనలా తిరిగొస్తానని వెనక వీధుల్లోకి నడిచాను. మార్టిమర్ స్ట్రీట్ పక్కనుంచి లోపలికి వెళ్తే చుట్టూ కొత్త ఫ్లాట్లు, నిలువెత్తు అద్దాలు, మధ్యలో చిన్న ఆవరణ, పియర్సన్ స్క్వేర్ అని బోర్డు. అందులో ఒక ఎర్ర ఇటుకల కట్టడం. బయటనుంచి చూస్తే నిజం చెప్పాలంటే మా ఊరి చెరువు దగ్గర పాత పంపు షెడ్డు గుర్తొచ్చింది. తలుపు తీసే ఉంది, టికెట్ లేదు, లోపలికి వెళ్లాను.

తల ఎత్తితే పైకప్పంతా బంగారం. అతిశయోక్తి కాదండీ, చిన్న చిన్న గాజు పలకలు అతికించిన బంగారు కప్పు, కింద గోడలంతా రంగు రంగుల పాలరాయి. ఎక్కడా చేయి పెట్టేంత ఖాళీ సున్నపు గోడ కనపడలేదు. బలిపీఠం ఉంది కానీ బెంచీల్లేవు, మామూలు కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఒకమ్మాయి వచ్చి ఇంకో అరగంటలో మూసేస్తాం, సాయంత్రం పెళ్లి ఉంది అంది. చర్చి పెళ్లా అంటే కాదంది!

మా అబ్బాయిని అడిగితే ఫోన్‌లో చూసి ‘ఇటాలియనేట్ నాన్నా’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆస్పత్రి చాపెల్ అని కూడా అన్నాడు, మరి ఆస్పత్రేదీ? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్తారా.

పాతగోడలు:
మీరు చూసింది ఫిట్జ్‌రోవియా చాపెల్ సార్. షాపింగ్ తప్పించుకోబోయి భలే చోటికి వెళ్లారు.

అక్కడ మిడిల్‌సెక్స్ హాస్పిటల్ ఉండేది. 1745లో చిన్నగా మొదలై, 1750ల్లో ఆ మార్టిమర్ స్ట్రీట్ స్థలానికి మారింది. ఆస్పత్రి పాలకమండలి అధ్యక్షుడిగా ఉన్న మేజర్ రాస్ అనే పార్లమెంటు సభ్యుడు 1888లో పోయారు. ఆయన జ్ఞాపకార్థం చాపెల్ కట్టాలని 1891లో జాన్ లాఫ్‌బరో పియర్సన్ అనే ఆర్కిటెక్టుకి అప్పగించారు. ఆవరణకి పెట్టింది ఆయన పేరే. కార్న్‌వాల్‌లో ట్రూరో కెథీడ్రల్ కట్టిన మనిషి, అంటే అప్పటికే చాలా పెద్ద పేరు.

గోడలు, కప్పు తొందరగానే లేచాయి. లోపలి అలంకారానికే ఏళ్లు పట్టింది, ఎందుకంటే డబ్బు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చేశారు. పియర్సన్ 1897లో పోయాక కొడుకు ఫ్రాంక్ అందుకుని 1920ల చివరిదాకా లాక్కొచ్చాడు. తండ్రి గీసింది, కొడుకు పూర్తి చేసింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఆ చాపెల్ చుట్టూ ఆస్పత్రి రెండుసార్లు నేలమట్టమైంది. 1924లో పాత ఆస్పత్రి భవనం నిలబడే స్థితిలో లేదని తేలింది. దాన్ని విడతలవారీగా కూలగొట్టి 1928–35 మధ్య కొత్తది కట్టారు, చాపెల్ ఉన్నచోటే ఉంది. ఆ కొత్తది 2005లో మూతపడింది, 2008లో కూల్చారు, చాపెల్ మళ్లీ ఉన్నచోటే ఉంది. కొన్నాళ్లు ఆ ఖాళీ స్థలం మొత్తంలో ఇదొక్కటే ముసుగేసుకుని నిలబడింది.

కోఠి బ్రిడ్జి:
అన్నా సూపర్. కానీ ఇది ఇటాలియనేట్ ఎట్లైతది? కిటికీల కమానులు మొనదేలి ఉన్నట్టు నెట్ ఫోటోలో కనిపిస్తుంది. నేను చదివినప్పుడు ఇటాలియనేట్ అంటే వాలు తక్కువున్న కప్పు, బయటికి బాగా పొడుచుకొచ్చిన చూరు, చూరు కింద వరసగా బ్రాకెట్లు, పక్కన చతురస్రపు టవరు, విక్టోరియా రాణి ఆస్‌బోర్న్ హౌస్ లెక్క ఉండాలని చెప్పిన్రు.

పాతగోడలు:
@కోఠి బ్రిడ్జి నువ్వు చెప్పింది కరెక్ట్ తమ్ముడూ. పుస్తకం ప్రకారం ఇది ఇటాలియనేట్ కాదు. బయట ఇటుక పని ఇటలీ గోథిక్ (మొనదేలిన కమానుల మధ్యయుగపు తరహా) వైపు మొగ్గుతుంది, ఎముకల గూడు మాత్రం గోథిక్, అంటే పక్కటెముకల్లా రాతి పట్టీలు కలిసి కప్పుని మోస్తాయి. ఆ ఎముకల మీద కప్పిన చర్మం బైజాంటైన్, అంటే పాత కాన్‌స్టాంటినోపుల్ సామ్రాజ్యపు తరహా, వెనిస్ సెయింట్ మార్క్స్ చర్చిని గుర్తుచేసే బంగారు మొజాయిక్. ఇంగ్లండ్ మనిషి ఇటలీ తిరిగొచ్చి తన గోథిక్‌ని వదులుకోలేక, ఆ బంగారాన్నీ మర్చిపోలేక కట్టినట్టుంటుంది. జనం వాడుకలో ‘ఇటాలియన్ తరహా’ అంటే తప్పు పట్టను, ‘ఇటాలియనేట్’ అంటే మాత్రం పరీక్షలో మార్కులు కోస్తారు. పెద్దాయన అబ్బాయికి చెప్పండి :)

విశ్రాంత ఉద్యోగి:
చెప్పాను. ‘నాన్నా నీకు పని లేదు’ అన్నాడు.

సున్నం మేస్త్రి:
పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి, అందుకని కాస్త వివరంగా రాస్తాను, విసుగనిపిస్తే దాటేయండి.

ఆ బంగారు పలకల గురించి చాలామంది పైన పూత పూశారనుకుంటారు. కాదు. గాజు బిళ్ల మీద బంగారు రేకు పరుస్తారు, దానిమీద ఇంకో పల్చటి గాజు పొర వేసి కాలుస్తారు. అంటే రేకు రెండు గాజుల మధ్య ఇరుక్కుని ఉంటుంది, గాలీ తేమా తగలవు, అందుకే వందల ఏళ్లయినా మెరుపు పోదు. ఆ గాజుని చిన్న ముక్కలుగా కొట్టి తడి సున్నపు గారలో ఒక్కొక్కటే గుచ్చుతారు. మంచి పనివాడు అన్నింటినీ ఒకే మట్టంలో పెట్టడు. ఒకటి అటు వాలి, ఒకటి ఇటు వాలి ఉంటుంది. సమంగా పెడితే కప్పంతా ఒక్క అద్దంలా కొట్టొచ్చినట్టు మెరిసి ఊరుకుంటుంది, వాలు తేడాగా పెడితే మీరు నడిచేకొద్దీ ఒక్కో ముక్క వంతులవారీగా వెలుగుతుంది. సార్, మీరు నడుస్తుంటే కప్పు కదిలినట్టు అనిపించిందా?

మన దగ్గర అద్దాల మండపాలు, అద్దాల మహళ్లు చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది, దీపం ఒక్కటే, వెలుగు వెయ్యి చోట్ల.

ఇలాంటి పనికి శత్రువు వయసు కాదు, నీళ్లు. కప్పు మీద ఒక పెంకు జారితే వాన నీళ్లు ఇటుకలోకి దిగుతాయి, ఇటుకలోంచి లవణాలు గారలోకి వస్తాయి, గార పొట్టులా లేస్తుంది, ముక్కలు రాలతాయి. ఖాళీగా పడి ఉన్న భవనానికి ఈ రోగం తొందరగా పట్టుకుంటుంది, ఎందుకంటే బకెట్ పెట్టేవాడు కూడా ఉండడు. పైగా తెలిసీ తెలియని వాళ్లొచ్చి సిమెంట్ పూస్తారు. నేను పనిచేసిన ఒక పాత ఇంట్లో గానుగ సున్నం గోడమీద ఎవరో సిమెంట్ కొట్టారు, లోపలి తేమ బయటికి వచ్చే దారిలేక మూడేళ్లలో గోడ లోపల్నుంచి ముద్దయిపోయింది, గోరు పెట్టి గీకితే తడి పిండిలా రాలింది.

పాతగోడలు:
మేస్త్రి గారు చెప్పిన ‘ఖాళీ రోగం’ దీనికీ పట్టింది. ప్రమాదంలో ఉన్న వారసత్వ కట్టడాల జాబితాలోకి ఎక్కింది. చివరికి సుమారు 20 లక్షల పౌండ్లతో బాగుచేసి, 2015 చివర్లో పని ముగించారు.

ఇంకో మాట. విశ్రాంత ఉద్యోగి గారు పంపు షెడ్డు అన్నారు కదా, అందులో ఆశ్చర్యం లేదు. ఆ బయటి గోడలు ఎవరూ చూడటానికి కట్టినవి కావు. చుట్టూ ఆస్పత్రి భవనాలే, దారి ఆస్పత్రి లోపల్నుంచే. అందుకే పియర్సన్ డబ్బంతా లోపల పెట్టాడు. ఇప్పుడు చుట్టూ ఉన్నవి పోయేసరికి పెరటి గోడ కాస్తా వీధి ముఖమైంది.

డాక్టరమ్మ:
ఈ చర్చ చూసి చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను. 1990ల మొదట్లో కొన్ని నెలలు ఆ ఆస్పత్రిలో పనిచేశాను. గుంటూరు నుంచి వచ్చిన కొత్త. రాత్రి డ్యూటీలో వార్డుకీ వార్డుకీ మధ్య నడుస్తుంటే ఆ తలుపు తగిలేది. మొదటిసారి స్టోర్ రూమనుకుని తోశాను. చీకటి, ఎక్కడో ఒక చిన్న దీపం, ఆ కాస్త వెలుగుకే పైన ఏదో మిణుకు మిణుకుమంటోంది. ఫినాయిల్ వాసనలోంచి ఒక్కసారి రాతి చల్లదనంలోకి వెళ్లినట్టు. కాళ్లు లాగేస్తుంటే ఒక మూల కూర్చుని పది నిమిషాలు కళ్లు మూసుకునేదాన్ని. నేను క్రైస్తవురాలిని కాదు, ఎవరూ అడగలేదు కూడా.

ముందు గదిలో గోడల మీద ఆస్పత్రిలో పనిచేసి పోయినవాళ్ల పేర్లు చెక్కి ఉంటాయి, అవి తప్పకుండా చదవండి.

ఇంకో సంగతి ఎక్కువమందికి తెలియదు. బ్రిటన్‌లో మొట్టమొదటి ఎయిడ్స్ వార్డు ఆ ఆస్పత్రిలోనే, బ్రాడరిప్ వార్డు. 1987 ఏప్రిల్‌లో డయానా వచ్చి ప్రారంభించి, చేతి తొడుగులు లేకుండా ఒక రోగికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ రోజుల్లో ముట్టుకుంటే అంటుకుంటుందనే భయం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. ఆ వార్డు మనుషుల ఫోటోలని తర్వాత ఇదే చాపెల్‌లో ప్రదర్శనగా పెట్టారని తెలిసి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. గిడియన్ మెండెల్ అనే ఫోటోగ్రాఫర్ 1993లో తీసిన ఫోటోలు. వార్డు లేదు, ఆస్పత్రి లేదు, ఆ మనుషుల్లో చాలామంది లేరు. ఆ గోడల మధ్యకే తిరిగొచ్చారు.

కోఠి బ్రిడ్జి:
డాక్టర్ మేడం, చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

లీడ్స్ లక్ష్మి:
కిప్లింగ్ సంగతి ఎవరూ చెప్పలేదేం? ‘జంగిల్ బుక్’ రాసిన ఆయన 1936 జనవరిలో ఆ ఆస్పత్రిలోనే పోయారు, శవపేటికని ఈ చాపెల్‌లోనే ఉంచారు, అంత్యక్రియలయ్యాక చితాభస్మం వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో పెట్టారు.

అది పక్కన పెడితే నాకిష్టమైంది అక్కడి జ్ఞానస్నానపు తొట్టి. ముదురాకుపచ్చ పాలరాతి దిమ్మ, అంచు చుట్టూ గ్రీకు అక్షరాలు. ‘నిప్సోన్ అనోమేమా మే మోనాన్ ఓప్సిన్’. ముఖాన్నొక్కదాన్నే కాదు, పాపాన్ని కూడా కడుక్కో అని అర్థం. దాన్ని వెనకనుంచి చదివినా అదే వస్తుంది! మన వికటకవి లాగా.

గోదారిగట్టు:
లక్ష్మి గారూ, కాగితం మీద రాసి వెనకనుంచి చదివాను, రావడం లేదండీ. ‘న్సిప్ఓ న్నానోమ్’ ఇలా ఏదో రాక్షస భాష వస్తోంది. మా పాప పక్కనుంచి నవ్వుతోంది.

లీడ్స్ లక్ష్మి:
తెలుగు లిపిలో రాదండీ. గ్రీకులో ‘ప్స’కి ఒకే అక్షరం ఉంది, త్రిశూలంలా ఉంటుంది. మనం ప కింద స ఒత్తు ఇస్తాం, వాళ్లకి అది విడిపోని ఒకే గుర్తు. కాబట్టి అటునుంచి చదివినా ‘ప్స’ ‘ప్స’గానే ఉంటుంది. మనకేమో గుణింతం హల్లుకి అతుక్కుపోతుంది, అందుకే వి-క-ట-క-వి అని అక్షరం అక్షరంగా తిప్పాలి గానీ ధ్వని ధ్వనిగా తిప్పితే కుదరదు. వాళ్లది ధ్వనుల లెక్క, మనది అక్షరాల లెక్క.

ఆ వాక్యం పియర్సన్ కల్పించింది కాదు, చాలా పాతది. ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా అనే పాత చర్చిలో నీళ్ల తొట్టి మీద ఉండేదని చెప్తారు. తొట్టి గుండ్రంగా ఉన్నప్పుడు ఏ వైపునుంచి మొదలెట్టినా చదవగలిగే వాక్యం పెట్టాలన్న ఆలోచన ఎవరిదో గానీ, అవధానంలో పాదభ్రమకం (వెనకనుంచి చదివినా అదే వచ్చే పద్యపాదం) పూరించినంత ముచ్చటేసింది నాకు.

గోదారిగట్టు:
ఓహో! ఇప్పుడర్థమైంది. మా పాప ‘కిటికి’ రాసి చూపించింది, ఇది తొట్టికి సరిపోతుందా అని. కిటికీకే సరిపోతుందని చెప్పాను.

నిజాయితీగా చెప్తున్నా:
అందరూ మురిసిపోతున్నారు, నేనొక చేదు మాట అంటాను. దాదాపు 250 ఏళ్లు మామూలు జనం వైద్యం చేయించుకున్న స్థలం అది. ఆస్పత్రి పోయింది, ఖరీదైన ఫ్లాట్లు వచ్చాయి, ఆ ఫ్లాట్ల వాళ్లకి ముంగిట్లో బంగారు పెట్టెలా ఒక చాపెల్. పెళ్లిళ్లకీ ఫ్యాషన్ షోలకీ అద్దెకిస్తున్నారు. దీన్ని ‘రక్షించడం’ అంటారా? నాకైతే బిల్డర్ బ్రోషర్‌కి మంచి ఫోటో దొరికినట్టుంది.

పాతగోడలు:
మీ మాటలో సగం ఒప్పుకుంటాను. ఆస్పత్రి పోవడం వేరే సంగతి, అక్కడి సేవలు యూస్టన్ రోడ్డులోని యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌కి వెళ్లాయి. ఖాళీ అయిన స్థలంలో మొదటి ఫ్లాట్ల ప్రాజెక్టు ఒక ఐస్‌లాండ్ బ్యాంకు డబ్బుతో మొదలైంది, 2008లో ఆ బ్యాంకే కూలింది, స్థలం గోతులతో అలాగే పడి ఉంది. తర్వాత చేతులు మారి ఇప్పుడున్న ఫిట్జ్‌రాయ్ ప్లేస్ వచ్చింది.

చాపెల్‌ని ఏ బిల్డరూ ప్రేమతో వదల్లేదు. అది గ్రేడ్ టూ స్టార్ జాబితాలో ఉంది, అంటే చట్టం కాపాడే ముఖ్యమైన కట్టడం, ముట్టుకుంటే కేసు. దాని బాగుచేత ఆ ప్రాజెక్టు బాధ్యతల్లోకే వచ్చింది. చాపెల్ నడపడానికి విడిగా ఒక ఫౌండేషన్ ఉంది. ఎక్కువగా ఇలాంటి అద్దెలతోనే దాని ఖర్చులు నడుస్తాయి, అందుకే పెద్దాయన టికెట్ లేకుండా లోపలికి వెళ్లగలిగారు. అద్దె లేకపోతే ఆ కప్పు మీద పెంకులు ఎవరు సర్దుతారు?

నిజాయితీగా చెప్తున్నా:
సర్దుతారు సరే, నా బాధ వేరు. కట్టడాన్ని కాపాడి దాని చుట్టూ ఉన్న పనిని తీసేస్తే మిగిలేది నగ మాత్రమే, ఒంటి మీద మనిషి లేని నగ.

కోఠి బ్రిడ్జి:
మన ఉస్మానియా దవాఖానా గుర్తొస్తుంది ఈ మాటకి. 1908 మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోతే, తర్వాత విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టు గీసి కట్టిన భవనం, 1920ల్లో పూర్తైంది. 2020 వానాకాలంలో వార్డుల్లోకి నీళ్లొస్తే పాత బ్లాకు ఖాళీ చేసిన్రు. కూల్చాలె అని ఒకరు, కూలిస్తే ఊరుకోం అని ఇంకొకరు, కోర్టు కేసులు. ఇప్పుడు గోషామహల్‌ల కొత్త ఆస్పత్రికి 2025ల పునాది రాయి పడ్డది. మరి ఆ పాత గుమ్మటాల కింద ఏం చేస్తరు? మ్యూజియమా, ఇంకేమన్ననా? ‘నిజాయితీ’ అన్న అడిగిన ప్రశ్నే ఇక్కడ మన ముందర ఉంది, తేడా ఏందంటే ఇది చాపెల్ అంత చిన్నగ లేదు, ఊరంత ఉంది.

అసలు మన దగ్గర ఇటాలియన్ సోకు చూడాలంటే ఫలక్‌నుమా ఉంది కదా. 1884ల మొదలైన కట్టడం, ఏళ్ల తరబడి తాళాలు వేసి ఉండె, 2010ల హోటల్ అయింది. బాగుచేసిన్రు, అద్భుతంగా ఉంది, నేను గేటు దాకా పోయి వచ్చిన. చాయ్ తాగాలన్నా జేబు తడుముకోవాలె.

సున్నం మేస్త్రి:
ఒక పనివాడి మాట. కోఠి రెసిడెన్సీ భవనం మహిళా కాలేజీ అయి ఏళ్లపాటు అమ్మాయిలు ఆ మెట్లు ఎక్కి దిగారు, గోడలు పాడైనా జనం కళ్లముందే పాడైంది కాబట్టి చివరికి బాగుచేసే వాళ్లూ వచ్చారు. తాళం వేసిన దాంట్లో ఏ రోజు ఏ దూలం విరిగిందో కూడా తెలీదు. కాబట్టి పెళ్లికైనా పర్లేదు, పరీక్ష హాలుకైనా పర్లేదు, రోజూ తలుపు తీసేవాడొకడు ఉండాలి. కానీ మేకులు కొట్టనివ్వకూడదు. పెళ్లి డెకరేషన్ వాళ్ల చేతికి పాలరాతి గోడ దొరికిందా, అంతే సంగతులు!

గోదారిగట్టు:
చాపెల్‌లో పెళ్లి, కానీ చర్చి పెళ్లి కాదు, ఈ ముడి ఎవరూ విప్పలేదు.

లీడ్స్ లక్ష్మి:
ఆ చాపెల్‌ని చర్చి పద్ధతిలో ఎప్పుడూ ప్రతిష్ఠ చేయలేదండీ. మన లెక్కలో చెప్పాలంటే గుడి కట్టారు, గోపురం లేపారు, ప్రాణప్రతిష్ఠ మాత్రం జరగలేదు. అందుకే రిజిస్టర్ పెళ్లికి లైసెన్సు ఇవ్వగలిగారు. ఇంగ్లండ్ రూలు ప్రకారం అలాంటి పెళ్లిలో ప్రార్థనలూ భక్తి పాటలూ ఉండకూడదు. గోడలంతా శిలువలు, కప్పంతా స్వర్గం, కింద రిజిస్ట్రార్ మాత్రం దేవుడి పేరెత్తకుండా పెళ్లి చేయాలి. నేను ఒక కొలీగ్ పెళ్లికి వెళ్లాను, పాటల జాబితాలో ‘ఏంజెల్’ అనే మాట ఉందని కాసేపు టెన్షన్ పడ్డారు.

నిజాయితీగా చెప్తున్నా:
హహహ, ఈ ఒక్కదానికి నవ్వొచ్చింది. మిగతా మాట మీద నేను మారలేదు.

పాతగోడలు:
మారక్కర్లేదు లెండి. @విశ్రాంత ఉద్యోగి గారూ, మీరింకా లండన్‌లో ఉంటే ఒకసారి వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్‌కి వెళ్లండి, విక్టోరియా స్టేషన్ దగ్గర, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చి కాదు, చారల ఇటుకలది. 1895లో మొదలైన బైజాంటైన్ కట్టడం. అక్కడ కింది భాగంలో పాలరాయి, మొజాయిక్ అయ్యాయి, పైన గుమ్మటాలకి మాత్రం డబ్బు చాలక ఇప్పటికీ నల్లబడిన ఉత్త ఇటుకే. మీరు చూసిన బంగారం వెనక ఏముంటుందో అక్కడ తల ఎత్తితే తెలుస్తుంది. కొందరికి ఆ నలుపే ఎక్కువ నచ్చుతుంది, నాకూనూ.

విశ్రాంత ఉద్యోగి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న మళ్లీ ఫిట్జ్‌రోవియా వెళ్లాను, ఈసారి మా ఆవిడని తీసుకుని. మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే తలుపు నుంచి బలిపీఠం దాకా తల పైకెత్తి మెల్లగా నడిచాను, నిజమే, ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నాయి, ఇలా నడుస్తూ ఒక కుర్చీకి గుద్దుకున్నాను కూడా. డాక్టరమ్మ గారూ, ముందు గదిలో పేర్లు చదివాం, మా ఆవిడ కళ్లజోడు తెచ్చుకోలేదని నేనే పైకి చదివి వినిపించాను. తొట్టి చుట్టూ ఉన్న గ్రీకు అక్షరాల్లో త్రిశూలం రెండు చోట్ల దొరికింది, ఫోటో తీశాను, సైజు ఎక్కువైందని ఇక్కడ ఎక్కడం లేదు. అబ్బాయి ఆఫీసు నుంచి రాగానే ఎలా పెట్టాలో అడిగి పెడతాను.

గోదారిగట్టు:
పెట్టండి సార్, మా పాప ఎదురుచూస్తోంది.